తెగులు తగలని వరుస

కువైట్‌లోని సల్వాలో డ్రైవర్ పని వదిలి, ఇఖామా అనే నివాస అనుమతి మార్చుకుని నేను చేరింది గోధుమ మీద పరిశోధన చేసే ఒక తోటలో. కడప జిల్లాలో మాది వేరుశనగ చేను. గోధుమ మొక్కను మొదటిసారి చూసింది ఇక్కడే. తోటను నడిపేది ఈజిప్టు నుంచి వచ్చిన ఒక శాస్త్రవేత్త. అందరం ఆమెను దక్తూరా, అంటే డాక్టరమ్మ, అనేవాళ్లం.

చలిదేశాల్లో మంచు కింద బతికే గోధుమ రకాలు కొన్ని తుప్పు తెగులును తట్టుకుంటాయి. ఆ గుణాన్ని ఇక్కడి గోధుమలోకి తేవాలని ఆమె పట్టుదల. ఆ రకాలు వెన్ను తీయడానికి కువైట్ చలి చాలదు కాబట్టి మొలకలను వారాల తరబడి కోల్డ్ రూంలో ఉంచి, తర్వాత గ్లాస్‌హౌస్‌లో నాటేవాళ్లం. ఆ రకాలనూ ఇక్కడి గోధుమనూ కలిపి పుట్టించిన మొక్కల మీద, తెగులు పట్టిన ఆకుల నుంచి దులిపిన పొడి కలిపిన నీళ్లు మేమే చల్లేవాళ్లం. ఏ మొక్క తట్టుకుంటుందో తెలియాలంటే అదే దారి.

ఆ రోజు చల్లే పని నాది. చివరి వరుస దగ్గరికి వచ్చేసరికి స్ప్రేయర్‌లో నీళ్లు అయిపోయాయి. మళ్లీ కలపాలి. బయట బస్సు హారన్ కొడుతోంది. మిగతా వరుసలతో పాటు దాని మీద కూడా తేమ నిలిపే ప్లాస్టిక్ షీటు కప్పేసి పరిగెత్తాను.

రెండు వారాలకు ఆకులన్నీ ఇటుకపొడి చల్లినట్టయ్యాయి. చివరి వరుసలోని పన్నెండు కుండీలు మాత్రం పచ్చగా మెరుస్తున్నాయి. దక్తూరా వాటి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఫొటోలు తీసింది. పైఅధికారికి ఫోన్ చేసి నవ్వుతూ మాట్లాడింది. మర్నాడే రిపోర్టు పంపుతానంది.

నాతో పనిచేసే రాయచోటి పెద్దాయనకు సంగతి చెప్పాను.

"అబ్బీ, నోరు మూసుకోని ఉండు. ఆయమ్మకు తెలిస్తే ఖలాస్. ఇంటికి పంపించేస్తాది."

"ఈ ఇత్తనం రేపు ఎవురో ఒగరు చేన్లో ఏసుకుంటారు గదన్నా."

తెగులు రాదని చెప్పి అమ్మిన విత్తనం వేసి, ఒక ఏడు మా నాయన తెగులు పట్టిన చేనంతా దున్నేశాడు. ఎడ్ల వెనక నడుస్తూ ఒక్కసారి కూడా తలెత్తలేదు.

మర్నాడు ఉదయం దక్తూరా గది తలుపు తట్టాను. కంప్యూటర్‌లో ఆ ఫొటోలే ఉన్నాయి.

నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. "దక్తూరా, చివరి వరుసకు నేను కొట్టలేదు."

"ఏం కొట్టలేదు?"

"తెగులు నీళ్లు. స్ప్రేయర్‌లో అయిపోయాయి. బస్సు వచ్చేసింది."

ఆమె కంప్యూటర్ వదిలి నా వైపు తిరిగింది. "రిపోర్టు పంపాక చెప్పుంటే ఏమయ్యేదో తెలుసా?"

"తెలుసు."

"వెళ్లు."

ఇంటికి వెళ్లమందో పనికి వెళ్లమందో తెలియక గుమ్మంలోనే నిలబడ్డాను. అప్పుడు ఆమె తనలో తాను అనుకుంటున్నట్టు నెమ్మదిగా అంది. "సంకర మొక్కలు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. పన్నెండూ ఒకేలా ఉండటం చూసి నాకే అనుమానం రావాల్సింది. చూడాలనుకున్నదే చూశాను."

ఆ సాయంత్రం చివరి వరుసకు తనే స్వయంగా చల్లింది. తర్వాత రెండు వారాలు నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రోజూ పొద్దున్నే వెళ్లి ఆ ఆకులు తిప్పి చూసేవాణ్ణి. మొదట ఒక ఆకు మీద చుక్క. మర్నాటికి మూడు కుండీలు. ఆపైన లెక్కపెట్టడం మానేశాను.

చివరికి పది కుండీలకు తెగులు పట్టింది. రెండు మిగిలాయి. దక్తూరా భూతద్దంతో ఒక్కో ఆకునూ వెతికింది. మూడోసారి వెతికాక నన్ను పిలిచి భూతద్దం చేతికిచ్చింది.

"నువ్వూ చూడు. ఈసారి నిజం."

ఆకు శుభ్రంగా ఉంది. తిప్పి అడుగువైపు కూడా చూశాను.

ఆ రెండు మొక్కల గింజలను వేరుగా తీసి దాచే పని నాకే అప్పగించింది. స్ప్రేయర్ మాత్రం ఆ సీజనంతా నా చేతికివ్వలేదు.