పిన్ని తోమేసిన తుప్పు

తార్నాకలో మెట్రో స్తంభాలు ఇంకా రాని ఆ రోజుల్లో, శుభ్రం అంటే నాకు తెలిసింది ఒకటే: మెరవాలి. ఆ పాఠం నేర్పింది మా పిన్ని. యూనివర్సిటీలో ఒక ల్యాబు ఊడ్చి తుడిచే పని ఆమెది. నన్నూ వెంట తీసుకెళ్లేది. అక్కడ మెట్టుగూడ నుంచి వచ్చే పరిశోధన చేసే అమ్మాయి ఉండేది. మేం సైన్సమ్మ అనేవాళ్లం. ఊరి బయటి చెత్తగుట్టలో పుట్టే గ్యాసును రబ్బరు సంచుల్లో పట్టి తెచ్చి, నీళ్లలోంచి, ఇనుప ముక్కలు నింపిన గొట్టంలోంచి పంపి, పొయ్యికి పనికొచ్చేలా శుద్ధి చేయాలని ఆమె తపన. (సంచి మూతి వదులైతే చాలు, కుళ్లిన గుడ్ల కంపుకు వరండా అంతా ఖాళీ.)

ఒక రోజు మధ్యాహ్నం యూనివర్సిటీ పెద్దసార్లు ఆమె పని చూడటానికి వస్తున్నారు. కంపు కొట్టిందా, పని ఆపి గది ఖాళీ చేయమంటారు. పొద్దున సైన్సమ్మ ఇనుప ముక్కలను గాలి తగలాలని బేసిన్‌లో పోసి టిఫినుకు వెళ్లింది. వచ్చేసరికి పిన్ని వాటిని చింతపండు పెట్టి తోమి, పెళ్లిగిన్నెల్లా ఆరబెట్టింది.

"ఆంటీ! తుప్పేదీ?"

"పోగొట్టిన బిడ్డా! పెద్దసార్లు వస్తున్నరంటివి. గట్ల గలీజుగ పెడితే మన ఇజ్జత్ ఏం గావాలె?"

"ఆ కంపును పట్టేదే తుప్పు ఆంటీ!" అని సైన్సమ్మ స్టూలు మీద కూలబడింది.

పిన్ని కొంగు బిగించి, నన్ను ఆటో ఎక్కించి, సీతాఫల్‌మండి పాత ఇనుము దుకాణానికి తీసుకెళ్లింది. "భయ్యా, మంచిగ తుప్పు పట్టింది చూసియ్యి. మెరిసేటిది వద్దు."

"గిసొంటి బేరం నా జిందగీల సూడలేదమ్మా," అంటూ అతను సంచి నింపాడు. పిన్ని దాన్ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, తుప్పు రాలకుండా గుంతలు తప్పించమని డ్రైవర్‌ను దారంతా సతాయించింది.

పెద్దసార్లు ముక్కులకు రుమాళ్లతోనే వచ్చారు. సైన్సమ్మ ఆ తుప్పు ముక్కలు నింపిన గొట్టంలోంచి గ్యాసు వదిలి, పొయ్యి దగ్గర లైటర్ నొక్కింది. నీలి మంట! పొగ లేదు, వాసన లేదు. రుమాళ్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. మా గల్లీవాళ్లు విసిరేసిన పుచ్చు వంకాయలు, పాసిపోయిన అన్నం, వాడిన పూలదండలు, అవన్నీ కలిసి ఇంత నిర్మలంగా వెలుగుతాయా అని నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. "గిది మనం పారేసిన చెత్తనేనా?" అని పిన్ని నా చెవిలో గొణిగి, ఇక ఆగలేక ఆ మంట మీద చాయ్ గిన్నె పెట్టేసింది. (ఒక సారు వెనక్కి జరిగాడు. అందరికంటే పెద్దాయన మాత్రం ఇంకో కప్పు అడిగాడు.) గది సైన్సమ్మకే మిగిలింది.

ఇప్పటికీ మా అమ్మాయి తుప్పు పట్టిన పెనం తోమబోతే నా చెయ్యి అడ్డం వెళుతుంది. "తోమొద్దా మమ్మీ?" అంటుంది. తోమమనే చెబుతాను. కానీ ముందు గోటితో కాస్త తుప్పు గీకి, వేలిమీద చూసుకుని, నీలి మంట ముందు నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ పిల్లను తలచుకుని నవ్వుకుంటాను.