మూతి విప్పని బొరుగుల మూట

ఆదివారం పొద్దున మనవరాలి తలకు ఆముదం పెట్టేటప్పుడు, గోరువెచ్చటి ఆ జిడ్డు వాసన ముక్కుకు తగలగానే నాకు గుర్తొచ్చేది జుట్టు కాదు, తోలుబంతి. ఈ మాట చెబితే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. ఆ పక్కనే సోఫాలో కాళ్ళు చాపుకొని మా మనవడు ఫోన్లో స్నేహితుడితో, సముద్రాల అవతలి జట్టు ఒకటి ఒకప్పుడు ఎంత గొప్పదో, ఇప్పుడు పట్టికలో ఎంత కిందికి జారిపోయిందో గొంతు చించుకొని వాదిస్తుంటాడు. కాసేపటికి ఆ స్నేహితుడే బండి వేసుకొని వస్తాడు, ఇద్దరూ నవ్వుకుంటూ టిఫినుకు పోతారు. అది చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది, ఆ వెంటనే దిగులుగానూ ఉంటుంది. అచ్చం అలాంటి వాదనే మా చిన్నప్పుడు మా రెండిళ్ళ పొత్తును తెంచేసింది.

మదనపల్లెలో బెంగుళూరు బస్టాండుకు పోయే దారిలో మా నాయన గంగులప్పకు నూనె అంగడి ఉండేది. దాని గోడకు ఆనుకొనే ఖాదర్ చిన్నాయన కుట్టు అంగడి. చుట్టరికం ఏమీ లేదు, నాయన కంటే కొంచెం చిన్నవాడు కాబట్టి నాకు చిన్నాయన, అంతే. రెండంగళ్ళ నడుమ ఒక చెక్కబల్ల ఉండేది. శెనగనూనె డబ్బాల కమ్మటి వాసన ఒకవైపు నుంచి, కొత్తగుడ్డల గంజి వాసన ఇంకోవైపు నుంచి వచ్చి ఆ బల్ల దగ్గర కలిసేవి. శనివారం సాయంత్రం కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పిల్లలు లేసులు కట్టిన తోలుబంతిని తెచ్చి ఆ బల్ల మీద పెట్టేవాళ్ళు. ఊడిన కుట్లను చిన్నాయన మైనం పట్టించిన దారంతో బిగించి ఇస్తే, నాయన దాన్ని ఒళ్ళో పెట్టుకొని, పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు, వేళ్ళ చివరలతో ఆముదం పట్టించేవాడు. చిన్నాయన కూతురు నూర్జహానూ నేనూ కత్తెర కింద రాలిన పేలికలన్నీ ఏరి, పురికొసతో చుట్టి, మా బంతి మేం చేసుకొని, పావడాలు పైకి దోపి సందులో ఆడుతుంటే, వీధిలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. నాయన మాత్రం నూనె కొలుస్తూ కొలుస్తూ ఆపి, "ఎడమకాలు పాపా, ఎడమకాలు!" అని కేక వేసేవాడు. కొలత తప్పిందని బేరానికి వచ్చినవాళ్ళు గొణిగేవాళ్ళు.

కార్తీకం దాటి, శెనక్కాయలు కళ్ళాల నుంచి ఇళ్ళకు చేరి, పొద్దెక్కినా మంచు విడవని చలిరోజుల్లో కాలేజీ మైదానంలో పోటీలు జరిగేవి. కుప్పం కాలేజీ పిల్లలు, పుంగనూరు కాలేజీ పిల్లలు, వాళ్ళ వెంట వాళ్ళ ఊరి అభిమానులు బస్సుల్లో కిక్కిరిసి వచ్చేవాళ్ళు. మా జట్టులో కోలారు గనుల వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు ఎక్కువ. నల్లగా, బక్కగా ఉండేవాళ్ళు గానీ వాళ్ళ కాలికి బంతి అందితే ఇక ఎదుటివాళ్ళు దండం పెట్టాల్సిందే. ఫస్టు మదనపల్లె, సెకండు కుప్పం, థర్డు పుంగనూరు అని మేం ఎక్కాలతో పాటు నేర్చుకున్నాం. దేశంలో ఎవరు ఫస్టు అన్నది కూడా ఆ బల్ల మీదనే తేలిపోయేది. మధ్యాహ్నం బస్సులో వచ్చిన పేపరు చూసి ఎవరైనా కలకత్తా జట్ల పేరెత్తితే నాయన ఊరుకునేవాడు కాదు.

"కలకత్తావాళ్ళు మనూరికొచ్చి గెలిసింది యాడన్నా ఉండాదా? రమ్మను, సూద్దాం."

"వాళ్ళు మన సలికి ఆగరులే అన్నా," అనేవాడు చిన్నాయన, నోట్లో సూది పెట్టుకొని, చాలా గంభీరంగా. అంతటితో ఇండియా మొత్తానికి మేమే ఫస్టు.

ఆ పోటీల్లో ఒక ఆచారం ఉండేది. ఎప్పుడు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ప్రతి ఊరివాళ్ళూ ఒక పెద్ద మరమరాల మూట, మా మాటలో బొరుగుల మూట, తెచ్చుకోవాలి. ఓడిన ఊరివాళ్ళు తమ మూట విప్పి, మైదానం గట్టు మీదనే ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, టమోటాలు సన్నగా తరిగి, పప్పుల పొడి చల్లి, పచ్చి శెనగనూనె పోసి, నిమ్మకాయ పిండి కలిపి, గెలిచినవాళ్ళకు ముందు పెట్టి, ఆ తర్వాత తామూ తిని బస్సెక్కాలి. గెలిచినవాళ్ళ మూట విప్పకుండానే ఇంటికి చేరుతుంది. "తినండప్పా తినండి, వచ్చే ఏడు మీ మూట విప్పిస్తాం సూడండి," అని పుంగనూరువాళ్ళు కాగితాల్లో బొరుగులు పోస్తూ ఎగతాళి చేస్తుంటే, పొలమారేటట్టు నవ్వుతూ తినేవాళ్ళం. నేను పుట్టినప్పటి నుంచి మా మూట విప్పగా చూడలేదు. ఆ మూట గుడ్డ చిన్నాయన కుట్టింది, అందులో బొరుగులు నాయన కొన్నవి. గెలిచిన మర్నాడు పొద్దున అమ్మ వాటిని నీళ్ళలో తడిపి, పిండి, తిరగమాత పెట్టి ఉగ్గాణి చేసేది, పక్కన మిరపకాయ బజ్జీలు వేసేది. చిన్నాయన తెల్లవారకముందే మఫ్లరు చుట్టుకొని, నూర్జహాన్ చెయ్యి పట్టుకొని వచ్చి, నాయన పక్కన గొంతుక్కూర్చొని, ముందురోజు ఆటనంతా మళ్ళీ మొదటి నుంచీ ఆడేవాడు. ఉగాదికి మా ఇంటి నుంచి వాళ్ళింటికి ఓళిగలు, అంటే బొబ్బట్లు, పోయేవి, రంజానుకు వాళ్ళింటి నుంచి మాకు సేమ్యా వచ్చేది గానీ, మా రెండిళ్ళకూ అసలు పండగ ఆ ఉగ్గాణి పొద్దే.

డెబ్బైలు చివరికి వచ్చేసరికి ఆ జట్టు మెల్లగా దిగజారింది. పిల్లలను మైదానంలో పరిగెత్తించే డ్రిల్లు అయ్యవారు రిటైరై వెళ్ళిపోయాడు. గనుల వైపు పిల్లలు రావడం తగ్గింది. నాలుగైదు గోల్సుతో గెలిచేవాళ్ళు ఒక్క గోలుతో గట్టెక్కడం మొదలైంది. బల్ల మీద వాదనలు ముదిరాయి. హాస్టల్లో సంగటి పలుచనైందని ఒకరు, పిల్లలు జుట్టు పెంచి సినిమాలకు తిరుగుతున్నారని ఒకరు. నాయనకు మాత్రం తప్పంతా రెఫరీలదే. చిన్నాయన అలా అనుకోలేదు.

"అన్నా, మనోళ్ళు పరిగెత్తడం మానుకొన్నారు. బంతే తమ కాడికి వస్తాదని నిలబడుకొని ఉండారు. నిక్కర్లకు నడుం కొలత తీస్తాండేది నేనే గదా, నాకు తెలీదా?"

బల్ల మీద అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. "సొంతూరిని తక్కువ సేసి మాట్లాడతావు, అదేం నోరురా?" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు ఆటలో ఏమవుతుందోనన్న బెంగ పోయి, వీళ్ళిద్దరికీ ఏమవుతుందోనన్న భయం పట్టుకుంది. సందులో ఆడుతూ ఒక చెవి ఆ బల్ల మీదనే వేసి ఉంచేదాన్ని.

ఆ చలికాలం ఆఖరి ఆట కుప్పంతో. కుప్పం పిల్లలు మంచులో మేకపిల్లల్లా గంతులేస్తూ ఆడారు. వాళ్ళ మొదటి గోలు ఎవరూ కాదనలేనిది, దానికి మావాళ్ళు ఒకటి తిరిగి కొట్టి సమం చేశారు. వాళ్ళ రెండోది కొట్టిన పిల్లవాడు మా వాళ్ళందరినీ దాటి ముందే నిలబడి ఉన్నాడని, అది ఆఫ్‌సైడని నాయన గట్టు మీద నుంచి అరిచాడు, మైదానంలోకి దిగబోయాడు, ఎవరో పట్టుకున్నారు. రెఫరీ గోలేనని ఈల ఊదేశాడు. ఆట అయిపోయింది. పొద్దు గూకింది. కుప్పంవాళ్ళు, చాలా దూరం పోవలసినవాళ్ళు, దుప్పట్లు కప్పుకొని ఆచారం ప్రకారం గట్టు కింద వరసగా కూర్చున్నారు. అమ్మ బుట్ట మీద గుడ్డ తీసింది. అందులో ఎర్రగడ్డలు, టమోటాలు తరిగి సిద్ధంగా ఉన్నాయి. అన్నేళ్ళలో మేం ఎన్నడూ అవి తీసుకుపోలేదు, ఎన్నడూ అవసరం పడలేదు.

నాయన ఆ బుట్ట వైపు, అమ్మ వైపు చూశాడు. "ముందే తరుక్కొచ్చినావా?" అన్నాడు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం నేను అంతవరకూ వినలేదు. తర్వాత పోయి మూట మీద కూర్చున్నాడు.

"రెండోది గోలే కాదు. మనం ఓడలేదు. మూట విప్పేది లేదు."

"అన్నా, వచ్చినోళ్ళు ఆకలితో ఉండారు. గోలు సంగతి రేపు మాట్లాడుకొందాం, లెయ్ అన్నా," అని చిన్నాయన బతిమాలాడు. చెయ్యి పట్టుకొని లేపాడు. లేపి ముడి మీద చెయ్యి వేశాడు. నాయన మూటను తన వైపు లాగాడు. గుడ్డ పర్రున చినిగి, సగానికి పైగా బొరుగులు ఎర్రమట్టి మీద తెల్లగా పరుచుకున్నాయి. కుప్పం వాళ్ళలో ఒక ముసలాయన లేచి, "విడప్పా, మాకు ఆకలి లేదు," అని తుండుగుడ్డ దులుపుకున్నాడు. అందరూ లేచి బస్సు వైపు నడిచారు. చిన్నాయన మాత్రం మోకాళ్ళ మీద కూర్చొని, మట్టి అంటని పైపై బొరుగులను దోసిళ్ళతో బుట్టలోకి ఎత్తుతున్నాడు.

"ఎత్తు, ఎత్తు. కుప్పమోళ్ళ మనిషివి గదా నువ్వు," అన్నాడు నాయన.

చిన్నాయన చేతులు ఆగిపోయాయి. లేచి, అరచేతులు దులుపుకొని, నూర్జహాన్ చెయ్యి పట్టుకొని, మా ఎవ్వరి వైపూ చూడకుండా చీకట్లోకి పోయాడు. నూర్జహాన్ వెనక్కి తిరిగి తిరిగి నా వైపు చూస్తూ పోయింది.

మర్నాడు పొద్దున నాయన అమ్మతో ఉగ్గాణి చెయ్యమన్నాడు. చినిగిన మూటలో మిగిలిన బొరుగులతోనే చెయ్యమన్నాడు. అమ్మ చేసింది. అలవాటుకొద్దీ చిన్నాయన ప్లేటు కూడా నాయన ప్లేటు పక్కన పెట్టింది, పెట్టినాక తీసెయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు. గెలిచినవాళ్ళు తినే ఉగ్గాణిని నాయన ఒక్కడే కూర్చొని, తల ఎత్తకుండా, మెల్లగా నమిలి నమిలి తిన్నాడు. మేమెవ్వరం ముట్టలేదు. ఆ పూటే మొదటి బస్సు డ్రైవరు నూనెకు వచ్చి, రాత్రి కుప్పంవాళ్ళ బస్సు పుంగనూరులో ఆగితే, సంగతి తెలిసి ఆ ఊరివాళ్ళు ఇళ్ళలో ఉన్న బొరుగులన్నీ తెచ్చి కలిపి పెట్టి పంపించారని చెప్పాడు. పుంగనూరు మాకెప్పుడూ థర్డే. నాయన నూనె కొలిచి ఇచ్చాడు.

ఆ తర్వాత కుప్పంవాళ్ళు మా ఊరికి ఆటకు రాలేదు. ఒకటి రెండు చలికాలాలు పోటీలు పుంగనూరులో జరిగి, ఆనక ఎక్కడా లేకుండా పోయాయి. ఒకే గోడకు అటు ఒకరు ఇటు ఒకరు కూర్చొని ఆ ఇద్దరూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. బల్ల మీద నాయన ఖాళీ డబ్బాలు పెట్టేశాడు. ఓళిగలు అటు పోతూనే ఉన్నాయి, సేమ్యా ఇటు వస్తూనే ఉంది, తెచ్చేది ఆడపిల్లలం, మగవాళ్ళు గడప దాటలేదు. ఒక్కోసారి నాయన, ఎవరూ అడక్కపోయినా, "ఈ ఏడు మన జట్టు బాగుండాదంట," అని బేరానికి వచ్చినవాళ్ళతో గట్టిగా అనేవాడు. గోడకు అవతల మిషన్ చప్పుడు ఆగేది. నాయన కొలత చేత్తో పట్టుకొని అలాగే వింటూ ఉండేవాడు. కాసేపటికి మిషన్ మళ్ళీ తిరిగేది.

ఎనభైల్లో రెడీమేడ్ బట్టలు ఊళ్ళోకి వచ్చిపడ్డాయి. చిన్నాయన మిషను కట్టేసుకొని బావమరిది దగ్గరికి బెంగుళూరు పోవడానికి సిద్ధమయ్యాడు. ఆ రోజు నాయన ఉతికిన చొక్కా వేసుకొని, తల దువ్వుకొని, బస్టాండుకు పోయాడు. అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకొన్నాం. బస్సు పోయిన చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"మాట్లాడినావా?" అంది అమ్మ.

"వాడు సామాన్లెక్కిస్తాండాడు. పలకరిస్తాడేమోనని ఆ పక్కనే నిలబడుకొన్నా."

"నువ్వు పలకరిస్తే నోట్లోంచి ముత్యాలు రాల్తాయా?"

నాయన చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన వీపు కదలడం చూసి నేను వాకిట్లోకి పరిగెత్తి ఏడ్చాను.

ఇప్పుడు ఆ రెండంగళ్ళూ లేవు, ఫోన్లు అమ్మే మేడ ఒకటి లేచింది. కాలేజీ మైదానంలో పొద్దున పూట నడక మనుషులు తిరుగుతారు, గోలు కొయ్యలు ఏనాడో పీకేశారు. ఊరంటే ఇప్పుడు అందరికీ టమోటా లారీలే గుర్తు, ఇక్కడ ఒక జట్టుండేదని చెబితే నా మనవడు కూడా నమ్మడు. కిందటేడు బంధువుల పెళ్ళికి వచ్చి నూర్జహాన్ నన్ను వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. ఇద్దరికీ జుట్టు తెల్లబడింది. చిన్నాయన పోయి చాలా కాలమైందంది, మా నాయన పోయాడని నేను చెప్పాను. తర్వాత తనే నవ్వుతూ వాళ్ళ నాన్న సంగతి ఎత్తింది:

"మా అబ్బతో బెంగుళూర్లో మహా కష్టమైపోయింది సరోజా. ఫుట్‌బాల్ మాటొస్తే సాలు, మా మదనపల్లెను మించిన జట్టు యాడా లేదని అంగట్లో కొట్లాటకు పోయేటోడు. కుప్పం మనిషి ఒకడు ఆ రెండో గోలు మాట ఎత్తితే, కత్తెర పక్కన పడేసి లేసినాడు. అది గోలే కాదు, మా అన్న సూసినాడు, అన్నాడు."

ఆ ఒక్క మాట కోసం నాయన ఎన్నేళ్ళు ఆ గోడ పక్కన చెవి ఒగ్గి కూర్చున్నాడో నాకు తెలుసు. నూర్జహాన్ చెయ్యి పట్టుకొని మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. వినడానికి నేనొక్కదాన్నే ఉన్నాను.