పొట్టేలు కొమ్ము తలకట్టు

ఒక మనిషి పనిని నేను జీవితంలో ఒక్కసారే నోరారా మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలే ఇన్నేళ్లుగా నా గుండె మీద కూర్చుని ఉంది. మా ఆవిడకు చెప్పలేదు. పత్రికాఫీసులో పక్క కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చున్న స్నేహితుడికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు. అదే నా ధైర్యం.

చేతిరాత బోర్డుల మీద నేను రాసిన వ్యాసాలు మీలో కొందరు చదివే ఉంటారు. ఫ్లెక్సీలు వచ్చి కుంచె పట్టినవాళ్లందరినీ ఇళ్లకు పంపేశాక, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వీధులన్నీ తిరిగి, మిగిలిన బోర్డులను ఫొటోలు తీసి, రాసినవాళ్లను వెతికి పట్టుకుని, వాళ్లు రంగులు ఎలా కలిపేవారో, ఏ అక్షరాన్ని ఎక్కడ మొదలుపెట్టేవారో అడిగి రాశాను. సభకు పిలిచి శాలువా కప్పారు. పోయే కళను అక్షరాల్లో నిలబెట్టానన్నారు. ఆ మాట వింటూనే శాలువా తీసి మడతపెట్టేశాను. ఎందుకో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులో హుసేన్ సాయబు అనే పెయింటరు ఉండేవాడు. ఆయన దగ్గర నేనూ ఓబులేసూ ఒకే ఏడు పని నేర్చుకోవడానికి చేరాం. మాది అయ్యవార్ల ఇల్లు. తాత పౌరోహిత్యం చేసేవాడు, నాన్న బడిపంతులు. నా దస్తూరిని నాన్న వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఓబులేసుది దువ్వూరు దగ్గర పల్లె, గొర్రెల ఇల్లు. వాడు మొదట పట్టిన కుంచె వేపపుల్ల. మొదట రాసింది గొర్రె వీపు మీద. ఏ మందకు ఆ గుర్తు ఉంటుంది. ఎర్రజాజు మట్టి కలిపిన నీళ్లలో పుల్ల ముంచి ఒక్క విసురులో గుర్తు వెయ్యాలి. రెండో విసురుకు గొర్రె ఆగదు.

నేను సుద్ద పూసిన దారం లాగి కొట్టి గీతలు వేసుకునేవాణ్ణి. పెన్సిలుతో అక్షరాన్ని కట్టుకునేవాణ్ణి. చెయ్యి వణక్కుండా కట్టె ఆనించుకుని, ఊపిరి బిగబట్టి రంగు నింపేవాణ్ణి. ఓబులేసు బోర్డు ముందు కాసేపు ఊరికే నిలబడేవాడు. తర్వాత రాసేవాడు. గీత లేదు, కట్టె లేదు. తలకట్టు దగ్గరికి వచ్చేసరికి కుంచెను మెలితిప్పి పైకి విసిరేవాడు. అది పొట్టేలు కొమ్ములా తిరిగి ఆగేది.

ఒకరోజు మా ఇద్దరి బోర్డులూ పక్కపక్కన ఆరబెట్టి ఉన్నాయి. సాయబు వాటిని చూసి నవ్వాడు.

"నీవు రాసింది చదువుకోవచ్చు సామీ. వాడు రాసింది చూస్తా నిలబడొచ్చు."

నన్ను నొప్పించాలని అనలేదు. ఉన్నమాట అన్నాడు. అదే పల్లేరుకాయలా దిగింది. అసలు నొప్పి ఎక్కడ? వాడు నాకంటే బాగా రాయడమా? లేక అక్షరం మా ఇంటి సొత్తు అనుకుని పెరిగిన నా కళ్ల ముందు, గొర్రెల వెంట తిరిగినవాడు బాగా రాయడమా? జవాబు నాకు అప్పుడే తెలుసు. తెలియనట్టు ఉన్నాను.

రెండేళ్లకు కుంచె వదిలేసి పత్రికలో చేరాను. చదువుకు తగ్గ పని దొరికిందని అందరితో చెప్పాను. కానీ ప్రొద్దుటూరులో నడవాలంటే వాడి అక్షరాల కిందే నడవాలి. చీరల అంగడి, మందుల అంగడి, సైకిళ్ల అంగడి, ఎక్కడ చూసినా ఆ తలకట్టు. బోర్డు కింది మూలన చిన్నగా 'ఓబులేసు, దువ్వూరు'. వార్త కింద నా పేరు ఎప్పుడో ఒకసారి వచ్చేది, మర్నాటికి ఆ కాగితంలో బజ్జీలు కట్టేవారు. వాడి పేరు ఎండకూ వానకూ అక్కడే ఉండేది. తల దించుకుని నడవడం నేర్చుకున్నాను.

ఇక్కడ మా వృత్తి కట్టుబాటు ఒకటి చెప్పాలి. ఎన్నికలు వస్తున్నాయంటే పల్లెల్లో గోడలు పంచుకునేవారు. ఏ వర్గం ముందు సున్నం కొడితే ఆ గోడ ఆ వర్గానిది. ఇంకొకరు దాని మీద రాస్తే గొడవ బాంబుల దాకా పోయేది. అంత పగలోనూ పెయింటరు జోలికి మాత్రం ఎవరూ పోరు. పొద్దున ఒక వర్గానికి రాసి, మధ్యాహ్నం అదే కుంచె కడిగి రెండో వర్గానికి రాసేవాడు. ఎందుకంటే పార్టీ గోడ మీద పెయింటరు తన పేరు పెట్టడు. రాత ఎవరిదని అడిగితే తోటి పెయింటరు చెప్పడు. 'గోడకు చెయ్యి లేదు' అనేవాడు సాయబు. మొదటి రోజు కుంచె ఇచ్చే ముందు మా ఇద్దరి చేతా ఆ మాట అనిపించాడు.

ఒక ఏడు ఎన్నికల వార్తల కోసం జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. ఊరి పేరు రాయను. టీ అంగడికి ఎదురుగా తెల్లటి గోడ. దాని మీద మనిషెత్తు నీలం అక్షరాలు: 'గడప దాటనోడు గెలుస్తాడంట!' బాంబుల భయంతో ఇల్లు కదలని అవతలి వర్గం నాయకుణ్ణి ఎగతాళి చేస్తూ ఇవతలి వర్గం రాయించింది. చూడగానే గుర్తుపట్టాను. తలకట్టు ఉన్న ప్రతి అక్షరం మీదా పొట్టేలు కొమ్ము.

ఎగతాళి పడ్డ ఆ నాయకుడి మనుషులు ముగ్గురు టీ అంగడిలో ఉన్నారు. వాళ్లలో పెద్దవాడు తువ్వాలుతో బల్ల దులిపి నన్ను కూర్చోబెట్టాడు.

"సూస్తాండావా సామీ, ఎట్లా రాసినారో?"

"ఎలక్షన్లలో మామూలే గదప్పా."

"రాపిచ్చినోడు ఎవురో తెలుసులే. వాని సంగతి యేరే. రాసిన చెయ్యి ఎవురిదని అడుగుతాండా."

"పెయింటరుకేం తెలుసు? కాయితంలో ఉండేది గోడ మీద ఎక్కిస్తాడు, అంతే."

"ఆ ఎక్కిచ్చినోడు ఎవడని. నీవూ ఒకప్పుడు ఆ పనిలో ఉండినోనివే అంట గదా. ఏంది, నీవే రాసినావా?"

మూడోవాడు పడీ పడీ నవ్వాడు. "యాడ మామా! సామి రాస్తే ఇంత బాగొస్తాదా? మా బడి గోడ మీద సామి రాత ఉంది గదా. రేషన్ కార్డు మాదిరి ఉంటాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే గోడ వైపు తిరిగి అన్నాను.

"ఇంత బాగా రాసేటోడు ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉండాడు. దువ్వూరు ఓబులేసు. ఆ తలకట్టు చూడండి. ఇంకెవరి చేతా కాదు."

పెద్దవాడు తల ఊపి, నాకు ఇంకో టీ చెప్పాడు. తాగాను.

భయపడి చెప్పానా? అలా అనుకోవాలని ఎన్నో ఏళ్లు ప్రయత్నించాను. భయమైతే ఎంత బాగుండేది! నన్ను ఎవరూ బెదిరించలేదు. తెలియదంటే మరో మాటలోకి పోయేవారు. ఆ చేతికి ఏమవుతుందో ఆలోచించే తీరిక లేదని కూడా అనలేను, ఎందుకంటే ఆ ఊళ్లలో అలాంటి ప్రశ్న ఎందుకు అడుగుతారో రోజూ వార్తలు రాసేవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మూడో రోజు మిట్టమధ్యాహ్నం, జమ్మలమడుగులో ఓబులేసు నిచ్చెన ఎక్కి బట్టల అంగడి బోర్డు రాస్తున్నాడు. నిచ్చెన లాగేశారు. కింద పడ్డవాడి కుడి మణికట్టు మీద చెప్పుకాళ్లతో ఎక్కి తొక్కారు. వీధి నిండా జనం. ఎవరూ ఏమీ చూడలేదు. వాడు కూడా జారి పడ్డాననే చెప్పాడు. ఆ వార్త రాసింది నేనే. 'నిచ్చెన జారి పెయింటరుకు గాయాలు.' మూడే వాక్యాలు. ఒక్క అక్షరం కొట్టివేత లేకుండా రాశాను.

దీనికంటే కష్టమైన మాట ఇంకొకటి ఉంది. ఎముక అతికింది గానీ మణికట్టు తిరగడం లేదని, వాడు మళ్లీ గొర్రెల్లోకి పోయాడని తెలిసిన రోజు, నేను ప్రొద్దుటూరు వీధిలో తలెత్తి నడిచాను. బోర్డులన్నీ చూసుకుంటూ నడిచాను. ఇక కొత్తది ఒక్కటీ రాదు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. వాడి బోర్డులు ఒకటొకటే దిగిపోయాయి. వ్యాసాల కోసం నేను తిరిగేనాటికి పులివెందులలో ఒక్కటే మిగిలింది, ఒక దర్జీ అంగడి మీద. పచ్చ రంగు పొట్టు లేచింది గానీ తలకట్లు అలాగే ఉన్నాయి. కింది మూలన పేరూ ఉంది. ఫ్లెక్సీ ఎందుకు కట్టలేదని అడిగితే ముసలి దర్జీ నన్ను వింతగా చూశాడు. "దీన్ని చూసేకే శానామంది ఆగుతారప్పా. ఆగినోళ్లు గుడ్డలిచ్చి పోతారు" అన్నాడు.

ఫొటో తీశాను. రెండడుగులు ముందుకు జరిగి, కింది మూల రాకుండా తీశాను. కింద రాశాను: 'రాసినవారి పేరు తెలియదు.' ఆ వ్యాసాల్లో చెయ్యి కుదరని పెయింటర్ల పేర్లు కూడా ఉన్నాయి. అందరికంటే బాగా రాసినవాడి పేరు లేదు. వాడి కుంచె పోయి ఎంతకాలమో అయింది. ఇంకా దేనికి అసూయ? అడిగి చూసుకున్నాను. అది జవాబు చెప్పదు. చేసుకుంటూ పోతుంది.

పోయిన నెల దువ్వూరు వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. కోసిన చేలో మంద నిలిపి ఓబులేసు గొర్రెలకు గుర్తు వేస్తున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టి నవ్వాడు.

"రా సామీ! గండి గుడికి పోతా పులివెందులలో ఆగింటి. దర్జీ నీ పేపరు దాచి పెట్టుకోనుండాడు. చూపిచ్చినాడు. మన బోర్డు శానా బాగా పడిందిలే."

పేరు సంగతి అడుగుతాడని చూశాను. వాడే అన్నాడు.

"పేరు ఎయ్యకపోయేది మంచిదేలే. గోడకు చెయ్యి లేదు గదా. సాయబు మాట నీవొక్కడివే నిలబెట్టినావు."

అంగడి బోర్డుకు ఆ కట్టుబాటు లేదని వాడికి తెలియదా? తెలిసే అన్నాడా? టీ అంగడి మాట ఎప్పుడో వాడి చెవిన పడి ఉంటుందా? ముఖంలో వెతికాను. ముఖం నిండా ఎండ ఉంది, అంతే. చెప్పాలని వచ్చిన మాట వదిలేసి, మందలో ఎన్ని గొర్రెలున్నాయని అడిగాను. వాడు ఒక గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఎడమ చేత్తో పుల్ల జాజులో ముంచి, ఒక్క విసురు విసిరాడు. తెల్లటి ఉన్ని మీద ఎర్రగా కొమ్ము తిరిగింది. ఎడమ చేత్తో. చూస్తా నిలబడ్డాను. పాత మంట మళ్లీ లేచింది.

ఆ మంట ఆరిందని మీకు చెప్పలేను. క్షమించమని వాడిని అడగలేదు, మిమ్మల్నీ అడగడం లేదు. రెండు వాక్యాలు రాయాల్సి ఉండింది. రాస్తున్నాను. ఈ పూట ఊపిరి కాస్త ఆడుతోంది.

పులివెందుల దర్జీ అంగడి బోర్డు రాసింది ఓబులేసు, దువ్వూరు. జమ్మలమడుగు దగ్గర ఆ గోడకు చెయ్యి ఉందని చెప్పింది నేను.