తరుగు తీసిన తూకం

శనివారం, సాయంత్రం ఐదు. ఉన్నవాళ్లు: నేను, నా భార్య రాజమ్మ. మంచం పక్కన బరువు చూసే యంత్రం.

ఇది నిన్నటి పేజీ; యాభై ఏళ్లుగా నా డైరీలో ప్రతి పేజీ ఇట్లాగే మొదలవుతుంది. మూడేళ్లుగా అదే డైరీలో, నా చక్కని చేతిరాతలో, ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నిన్న సాయంత్రం రాజమ్మకు చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మార్కెట్ యార్డులో తూకం గుమాస్తాగా పనిచేశాను. బస్తా తూచగానే గోనెసంచికి ఇంత, తేమకు ఇంత అని తీసేసి మిగిలింది రాస్తాం. దాన్ని తరుగు అంటారు. రిటైరైనా ఆ అలవాటు చేతిని వదలలేదు.

మూడేళ్ల కింద జనగామలో ఎముకల డాక్టరు రాజమ్మ మోకాళ్లు చూశాడు. కీళ్లు అరుగుతున్నాయన్నాడు. అప్పుడామె డెబ్బై ఎనిమిది కిలోలు. ఒంట్లో ఒక్క కిలో తగ్గినా మోకాలి మీద దానికి కొన్ని రెట్ల భారం తగ్గుతుందని, డెబ్బైకి రావాలని చెప్పాడు. రాత్రి అన్నం మానాలి, నూనె తగ్గించాలి, రోజూ కొంత నడవాలి. ప్రతి ఆదివారం తూచి రాసుకుని రావాలి. రాజమ్మకు చూపు ఆనదు. అంకె చదివేది నేనే, ఈ డైరీ పుస్తకంలో రాసేది నేనే.

మొదటి నెల రెండు కిలోలు తగ్గింది. మెట్లు దిగుతుంటే నొప్పి తక్కువగా ఉందన్నది. తర్వాత రాత్రిపూట జొన్నరొట్టెలతో నాకు విసుగొచ్చింది. రాత్రి వేడి అన్నం, ఆలుగడ్డ వేపుడు అడిగాను. ఇద్దరికి రెండు వంటలు ఎవరు చేస్తారు? నాతోపాటే తిన్నది. ముల్లు మళ్లీ పైకి పోయింది.

ఆ ఆదివారం చీరకని అరకిలో తీసేశాను. అది తప్పా? కాదనుకున్నాను. తర్వాత గాజులకు, తాగిన నీళ్లకు. చివరికి కారణం వెతకడం కూడా మానేశాను. డెబ్బై ఒకటి అని రాసిన రోజు ముల్లు డెబ్బై తొమ్మిది మీద ఉంది. అంకె పెరిగితే ఇంట్లో ఏం వండుతున్నారని డాక్టరు అడుగుతాడు. ఆ ప్రశ్న నాదాకా రాకూడదు. అంతే.

డాక్టరు నా పుస్తకాన్ని నమ్మాడు. బరువు తగ్గినా నొప్పి తగ్గలేదంటే మందు మార్చాలన్నాడు. మార్చాడు. ఆ తర్వాత మోకాళ్లలోకి సూదులు. గార్ల ఊళ్లో ఉన్న తన చెల్లెలికి రాజమ్మ ఫోన్‌లో, "తిండి తగ్గిస్తే ఏం లాభం లేదే, నేను సూసిన గద" అని చెబుతుంటే పక్కనే కూర్చుని విన్నాను. ఆ చెల్లెలివీ అవే మోకాళ్లు. ఆమె కూడా నడక మానేసింది.

ఇప్పుడు ఆపరేషన్ అంటున్నారు. వచ్చే వారం పెద్ద దవాఖానలో తూస్తారు. అందుకే చెప్పానా? దొరికిపోతాననేనా? కాదని రాయలేను.

"అంటే నేను తగ్గనే లేదా?" అన్నది రాజమ్మ.

"మొదటి నెల తగ్గినవ్."

"గప్పుడు నొప్పి జర తక్కువైందంటి. మరి గది నిజమేనా?"

"నిజమే."

"బస్తాకు తీసినట్టు నాకు సుత తరుగు తీసినవా?" నవ్వింది. "రైతులన్న లొల్లి చేసేటోళ్లు. నాకు గది సుత లేకపాయె."

లేచి వంటింట్లోకి పోయింది. ఇద్దరికీ రొట్టెలే చేసింది.

ఈ ఉదయం, ఆదివారం, నేను పుస్తకం తీసేసరికి రాజమ్మ పక్కింటి కోడలిని పిలిచింది. "బిడ్డా, జర గీ అంకె సదువు." ఎందుకో ఆ అమ్మాయికి చెప్పలేదు. చీరతో, గాజులతో ఎక్కి నిలబడింది.

"ఎనభై రెండు, పెద్దమ్మా."

ఎనభై రెండు అని రాశాను. ఏమీ తీయలేదు. చాలా కాలానికి చెయ్యి తేలికగా కదిలింది.

అమ్మాయి వెళ్లాక రాజమ్మ చెల్లెలికి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది. "దానికి నువ్వే చెప్పు."

చెప్పాను. "మల్లొకసారి మొదటి నుంచి చెప్పు బావా" అన్నది. నేను ఫోన్ పెట్టేయలేదు.