పైడమ్మ ఇంట్లో కొర్రమీను

పైడమ్మ నోరు మంచిది కాదన్న సంగతి ఉద్దానం తీరమంతా ఎరుగును. రైలు కొత్తగా పడిన ఆ రోజుల్లో, తెల్లారేసరికి రేవులో చేపలు ఎత్తుకుని, గంప నెత్తిన పెట్టుకుని, జీడితోటల్లో అడ్డంపడి సోంపేట సంతకు నడిచేది. బేరంలో ఆమెను గెలిచినవాడు లేడు. "కల్లెట్టుకుని సూడు బాబూ! ఇది సేప, మీ పెరట్లో ఆనపకాయ కాదు" అని కరణంగారి మొహం మీదే అనేసిన మనిషి. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయేనాటికి కొడుకు సింహాద్రి ఇంకా పాలు తాగే పిల్లాడు. ఆ గంపతోనే కొడుకును పెంచింది, తెప్ప కట్టించింది, పెళ్ళి చేసింది. ఇంత చేసిన మనిషికి నోరు కాస్త ఉంటే తప్పేమిటో మీరే చెప్పండి.

కోడలు చిన్నమ్మి మాత్రం సముద్రం ఒడ్డు పిల్ల కాదు. సోంపేట పక్కన బీల ఉంది చూశారూ, ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉండే చిత్తడినేల, దాని గట్టున వల వేసుకుని బతికే ఇంట్లో పుట్టింది. తల్లి లేదు. కాపరానికి వస్తూ అందరూ సారె తెస్తే, ఈ పిల్ల కుండలో ఒక కొర్రమీనును పెట్టుకుని తెచ్చింది. వేలెడంత ఉన్నప్పటి నుంచీ పెంచుకుంటోందట. దానికో పేరు కూడానూ, పోలి!

పైడమ్మ పడీ పడీ నవ్వింది. "ఓలమ్మో, సేపకి పేరేటే! పులుసులోకి దించినప్పుడు పేరెట్టి పిలుత్తావేటి?"

"పులుసొండడానికి తేనేదత్తా" అంది చిన్నమ్మి. అంత మెల్లగా అంది కానీ, ఆ మాటకు తిరుగులేదని పైడమ్మకు తెలిసిపోయింది.

పెరట్లో మునగచెట్టు నీడన పెద్ద గోలెం పెట్టి, అడుగున ఇసక పరిచి, సగం వరకే నీళ్ళు పోసి పోలిని అందులో వదిలింది. పొద్దున్నే పాతనీరు కొంచెం తోడేసి మంచినీళ్ళు పోసేది. వానపాములూ బొద్దింకలూ ఏరి తెచ్చి వేసేది. కొర్రమీనుకు ఎగిరే బుద్ధి ఉంది కనక, గోలెం మీద కొబ్బరాకుల తడిక పరిచి రాయి పెట్టేది. నీళ్ళలో చెయ్యి ముంచితే చాలు, పోలి పైకొచ్చి వేళ్ళను మూతితో పొడిచేది. చిన్నమ్మి కిలకిలా నవ్వేది. అమ్మే చేపలు తప్ప ఆడుకునే చేపలు ఎరగని పైడమ్మ, "సోద్దెం" అని మూతి తిప్పుకుని పోయేది.

ఆ పిల్లకు రెండు కాన్పులూ దక్కలేదు. రెండో బిడ్డ పోయిన నాడు, దుఃఖమో కోపమో, పైడమ్మ నోరు జారింది. "సేపను సాకడం తెలిసింది గానీ, కడుపున పడ్డదాన్ని కాపాడుకోడం తెలీనేదే నీకు!"

అన్న మరుక్షణం నాలిక కరుచుకుంది. ఏం లాభం? చిన్నమ్మి సాయంత్రం గోలెం దగ్గర చతికిలబడి, "నువ్వు బతికుంటే నా బిడ్డ బతుకుతాదే పోలీ. సచ్చిపోకే" అని చేపతో చెప్పుకుంటోంది. నీళ్ళకుండ దించుతున్న పైడమ్మ విన్నది. ఇంత పిచ్చి మొక్కు ఆ పిల్ల చేత పెట్టించింది తన నోరేనని అప్పుడే అర్థమైంది. ఆ రోజు నుంచీ సంత నుంచి రాగానే గంప దించి, ముందు తడిక సందులోంచి చేప కదులుతోందో లేదో తొంగిచూసేది. ఎవరూ చూడకుండానేలెండి.

మూడోసారి నెలలు నిండాయి. సింహాద్రి వేటకు వెళ్ళిన పొద్దుటే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వరహాలమ్మ వచ్చి చాప పరిచింది. చిన్నమ్మి పళ్ళు బిగబట్టి, "అత్తా, పోలి..." అంది.

"నాను సూత్తాను గదే. నీ పని నువ్వు సూసుకో."

పైడమ్మ పెరట్లోకి పరుగెత్తింది. తడిక ఎత్తి చూస్తే గోలెంలో నీళ్ళు సగమే ఉన్నాయి. ఆమె ప్రాణం ఉసూరుమంది. నిండు చూలాలు, బిందె మొయ్యలేక సగంతో సరిపెట్టేసింది కాబోలు, అయ్యో నోరులేని జీవం అనుకుంది. గోడ మీద పొరుగింటి పిల్లి కూర్చుని తోక ఆడిస్తోంది. ఆకుల తడికకు పిల్లి ఆగుతుందా? పైడమ్మ బిందెల కొద్దీ తోడి గోలెం అంచుల దాకా నింపేసింది. తడిక అవతల పారేసి, పాత తెరచాప ముక్క తడిపి మీద కప్పి, వలతాడుతో చుట్టూ బిగించి ముడి వేసింది. సముద్రం ఒడ్డు మనుషులకు తెలిసిన న్యాయం ఒకటే. నీళ్ళుంటే చేప బతుకుతుంది, నీళ్ళు లేకపోతే చస్తుంది.

పొద్దెక్కింది. బిడ్డ కదలడం లేదు. వరహాలమ్మ నుదురు తుడుచుకుని బయటికి వచ్చింది.

"పైడీ, ఇంట్లో ముడులన్నీ యిప్పీ. మూతలన్నీ తీసీ. బేగి!"

కాన్పు కష్టమైతే ఆ వైపు ఎవరింట్లోనైనా చేసే పనే అది. ఇంట్లో ఏదీ బిగిసి ఉండకూడదు. పైడమ్మ చిన్నమ్మి జుట్టు విప్పింది, తన కొప్పు విప్పింది. బియ్యంకుండ మూత తీసింది, పెట్టె తెరిచింది, దూడ పలుపు విప్పేసింది, మూటకట్టి ఉన్న వలలను ఊడదీసింది. ఇక మిగిలింది గోలెం.

ముడి మీద చెయ్యి వేసి ఆగిపోయింది. పిల్లి గోడ దిగి నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంది. విప్పితే చేప ఎగురుతుంది, పిల్లి కాచుకుని ఉంది. చేప పోయిందని తెలిస్తే లోపలున్న చిన్నమ్మి బతుకుతుందా? విప్పకపోతేనో? పైడమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

గోలెంలో దబ్ దబ్‌మని చప్పుడు. తెరచాప గుడ్డ కింద నుంచి పొడుచుకొస్తోంది. "బెదిరిపోతన్నావేటే? నానున్నాను గదే" అంటూ ఆ గుడ్డ మీద ఇంకో చెంబుడు నీళ్ళు పోసింది. ఏం చెప్పమంటారు! అది ఎంత కొట్టుకుంటే అన్ని నీళ్ళు పోసింది మహాతల్లి.

గుమ్మంలోంచి వరహాలమ్మ కేకేసింది. "ఇంకేటైనా ముడి మిగిలిందేటే?"

"నేదు" అంది పైడమ్మ.

లోపల చిన్నమ్మి మూలుగు కూడా సన్నబడింది. "నా వల్ల కాదత్తా" అంటోంది. పెదాలు తెల్లబడ్డాయి. పైడమ్మ ఆ చెయ్యి పట్టుకుంది, చల్లగా తగిలింది. సరిగ్గా అప్పుడే పెరట్లో చప్పుడు ఆగిపోయింది.

పైడమ్మ ఒక్క ఉరుకున గోలెం దగ్గరికి వచ్చి ముడి లాగింది. తడిసి ఉబ్బిన తాడు, రాలేదు. పళ్ళతో లాగింది, రాలేదు. చేపలు కోసే కత్తి తెచ్చి తాడును తెగ్గోసి గుడ్డ పీకేసింది. పోలి వెల్లకిలా తేలి ఉంది, తెల్లటి పొట్ట పైకి పెట్టి.

"సంపేసినాను. ఓలమ్మో, నాసేతుల్తో నానే సంపేసినాను!"

రెండు చేతులా ఎత్తబోతే జారి ఇసకలో పడింది. ఇసకలో పడ్డ చేప ఏమవుతుందో పైడమ్మకు ఒకరు చెప్పాలా? పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి చేప నోరు తెరిచింది. గుటక వేసింది. ఇంకో గుటక. మొప్పలు కదిలాయి. తోక ఇసకను ఒక్క చరుపు చరిచింది.

నీళ్ళలో చచ్చిన చేప ఇసకలో లేచింది! గాలి మింగుతోంది అది. సగం నీళ్ళు ఎందుకో, సందులున్న ఆ ఆకుల తడిక ఎందుకో అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళు చేపల్లో పుట్టి చేపల్లో పెరిగింది, ఊపిరి కోసం పైకి రావలసిన చేప ఒకటుంటుందని ఎరగదు. పిల్లిని ఒక్క తాపు తన్ని, గోలెం ఒంచి సగం నీళ్ళు పారబోసి, పోలిని వదిలి, తడిక పరిచి, లోపలికి వచ్చింది.

"వరాలూ, అబద్దమాడినాను. ఒక ముడి ఒగ్గీసినాను. ఇప్పుడే కోసీసినాను."

"నీ నోరు మండ!" అని వరహాలమ్మ తిట్టిన తిట్లు రాయడానికి వీల్లేదు. పైడమ్మ అవేవీ వినలేదు. కోడలి తల ఒళ్ళోకి తీసుకుని చెవిలో చెప్పింది. "పోలి బతికే ఉందే. గుటకలేత్తంది. నువ్వు కూడా ఊపిరి తీసుకో తల్లీ. గట్టిగా తీసుకో."

చిన్నమ్మి కళ్ళు తెరిచింది. ఊపిరి తీసుకుంది.

తెప్పలు ఒడ్డుకు రాకముందే ఆడపిల్ల పుట్టింది. ఊరు లేచిపోయేలా ఏడ్చింది. అది ముడి మహిమో, చేప మహిమో, వరహాలమ్మ చేతి చలవో, నన్నడక్కండి.

అంతా సర్దుకున్నాక పైడమ్మ కోడలి పక్కన కూలబడింది. సంతలో ఎవరికీ తగ్గని మనిషి బిడ్డ పొత్తిగుడ్డ సర్దుతూ గొణిగింది. "నీ సేపను నానే సంపేయబోనానే. అదొకటి కాదు... ఆ దినం నీతో నానో మాటన్నాను. అనకూడని మాట."

చిన్నమ్మి బిడ్డ మీద నుంచి చూపు తిప్పి అత్తను చూసింది.

"ఏ మాటత్తా? నాకేటీ గురుతు నేదు."

బేరాల్లో పండిపోయిన పైడమ్మకు అబద్ధం చెప్పే మొహం ఎలా ఉంటుందో బాగా తెలుసు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మొగుడు పోయిన నాడు కూడా ఆ మనిషి అంత ఏడవలేదని వరహాలమ్మ తరవాత ఊరంతా చెప్పింది.