మిషన్‌కు ఎంతమంది బదులు?

అది 2024 యాసంగి, అంటే రబీ పంట కాలం. మాది అమరచింత పక్కన చిన్న ఊరు. నాకు వేరుశనగ థ్రెషర్ ఉంది. థ్రెషర్ అంటే పీకి ఎండబెట్టిన చెట్ల నుంచి కాయలు వేరు చేసే మిషన్. ఆడదాన్నైనా నేనే నడుపుతాను. చదివింది నాలుగో తరగతి, ఇలా రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఒకరోజు పక్క ఊరి సాయమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. వాళ్లు ఏడుగురు ఆడవాళ్లు బదులు పని చేస్తారు. ఇవాళ అందరూ ఒకరి చేనులో చేస్తే, రేపు ఇంకొకరి చేనులో చేస్తారు. కూలి ఇచ్చేది లేదు, తీసుకునేది లేదు. చేను ఎవరిదైతే వాళ్లే అన్నం పెట్టాలి.

"నీ మిషన్ బదులుకొస్తదా బిడ్డా?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. "మిషన్ బదులుకెట్లొస్తది పెద్దమ్మా? గంటకు ఇంత అని కిరాయి."

"పైసలు పంట అమ్మినంక గదా వచ్చేది! నీ మిరప చేను పండిందట. ఏరనీకి మనుషులు దొరుకుతలేరట. మేం లేమా?"

నిజమే. నా ఎకరన్నర మిరప ఎర్రగా పండి చెట్టు మీదే ఉంది. మబ్బులు పడుతున్నాయి. వానకు తడిస్తే కాయ తెల్లబడి తాలు అవుతుంది, ఎవరూ కొనరు. సరే అన్నాను.

మొదట సాయమ్మ చేనుకే పోయాను. ఇంజన్ తిప్పి, హాపర్‌లో, అంటే మిషన్ నోట్లో, చెట్లు వేశాం. ఒక పక్క ఆకు ఎగిరిపోతోంది, కింద కాయలు రాలుతున్నాయి. ఏడుగురు రోజంతా తెంపే కాయ పొద్దెక్కేలోపే కుప్ప పడింది. సాయమ్మ ఆ కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అట్లే కూర్చుంది.

అన్నం దగ్గర, మిషన్‌కు బదులుగా నా చేనుకు ఎంతమంది పోవాలని పంచాయితీ మొదలైంది.

"ఏడుగురి పని చేసింది. ఏడుగురం పోవాలె," అంది ఆ ఏడుగురిలో ఒకామె, మరియమ్మ.

"మిషన్‌కు నడుం నొస్తదా? దాని దగ్గర అక్క ఒక్కతే నిలబడ్డది. ఒక్కరం పోతె చాలు," అంది ఇంకొకామె, లక్ష్మి.

"మరి డీజిల్?" అంది మరియమ్మ.

"డీజిల్ మనమే పోసినం గదనే! పైసలు తీసుకున్న బంకాయనను పిలువు, మిరపకాయలేరనీకి వస్తడేమో!" అంది లక్ష్మి.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల భయం. ఒక్కరే వస్తే నా చేను పోయినట్టే. అడిగితే బేరం ఆడినట్టుంటుందని నోరు రాలేదు. ఏడు రోజులు ఏడు చేలకూ తిరిగాను. రోజూ మబ్బు చూడటమే.

ఎనిమిదో రోజు నేను అన్నం, పప్పు వండుకుని పోయేసరికి ఏడుగురూ నా చేనులో ఉన్నారు.

"ఏడు చేలకొచ్చినవ్, ఏడుగురం వచ్చినం. లెక్క సరిపాయె," అంది సాయమ్మ.

సాయంత్రానికి సగం కూడా కాలేదు. చేతులు మండుతున్నా వాళ్లు నవ్వుతూనే పోయారు. లెక్క తీరిపోయింది, సగం పైన చేను మిగిలే ఉందని నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారి ఒక్కదాన్నే ఏరుకుందామని పోతే, మళ్లీ ఏడుగురూ సాళ్లలో వంగి ఉన్నారు.

"ఏంది పెద్దమ్మా! లెక్క నిన్ననే అయిపాయె గదా?"

సాయమ్మ తల ఎత్తలేదు. "నిన్న చేసింది నీ బదులు. ఇయ్యాల మిషన్ బదులు."

నేను ఆ రోజు అన్నం కూడా తేలేదు. అది చెబితే, "పోయి వండు మరి, మేం ఏరుతుంటం," అని మరియమ్మ తరిమింది.

అందరం కలిసి మూడో రోజు మధ్యాహ్నానికి చేను ఏరేశాం. ఆ సాయంత్రమే వాన పడింది. కాయలన్నీ టార్పాలిన్ పట్టా కింద పొడిగా ఉన్నాయి.

నాకు ఇంజన్ తెలుసు, బెల్టు తెలుసు, గంటకు ఎంత అడగాలో తెలుసు. మిషన్‌ను కూడా తమలో ఒక మనిషి అనుకుని, దానికి తిరిగి పని చేసిపెట్టేవాళ్లు ఉంటారని అప్పటిదాకా తెలియదు. పైసలు లేకుండా లోకం నడుస్తుందా అంటే నేను చెప్పలేను. డీజిల్ పైసలకే వచ్చింది. మా ఎనిమిది చేల పంటలు మాత్రం ఆ యాసంగి ఒకరికొకరు కూలి ఇవ్వకుండానే ఇల్లు చేరాయి.