తాబేలు గూటి దగ్గర దీపం

తీరానికీ, దాన్ని నమ్ముకున్న జీవాలకీ ఏ ముప్పు ఎటునుంచి వస్తుందో అంచనా వేయడం నా ఉద్యోగం. ఈసారి అంతర్వేదిలో సముద్రపు తాబేళ్ల గూళ్లు చూసి రమ్మన్నారు. తోడు వస్తానన్న సహోద్యోగి ఆఖరి నిమిషంలో మానేశాడు. ఒంటరి ప్రయాణాలు నాకు అలవాటే, కానీ అలవాటైనంత మాత్రాన ఇష్టం కావు కదా. ఉదయం ఏడింటికి రాజోలులో బస్సెక్కితే కొబ్బరితోటలూ రొయ్యల చెరువులూ దాటి తొమ్మిదిలోపే అంతర్వేదిలో దించింది. అక్కణ్నుంచి ఒడ్డుకు ఆటో వంద రూపాయలు.

"ఒక్కరే వచ్చేరాండీ?" అన్నాడు డ్రైవరు.

"ఒక్కదాన్నే."

"ఆయ్," అని జాలిగా చూశాడు. నాకు ఒళ్లు మండింది.

సాయంత్రం దాకా ఇసుకలో తిరిగాను. కెరటాలు కోసేసిన ఒడ్డు, గుడ్లు తవ్వే కుక్కలు, చెరువుల దగ్గర తెల్లవార్లూ వెలిగే లైట్లు. వీటి గురించి ఎవరితోనైనా గట్టిగా వాదించగలను. సరుగుడు తోట పక్కన ఒక్క గూడు మాత్రం భద్రంగా ఉంది. చుట్టూ పాత వల కట్టి, పసుపూ కుంకుమా చల్లి ఉంది. నడిమి ఇసుక కుంగింది, అంటే పిల్లలు నేడో రేపో బయటికొస్తాయి.

ఆ కాపలా సత్యవతి అనే ఒకావిడది, ఊళ్లో అందరిలాగే నేనూ పిన్నిగారూ అన్నాను. చేపల వేటకెళ్లే భర్త పోయాక తోట వెనక పాకలో ఒక్కతే ఉంటోంది. నాకు చేపల పులుసుతో అన్నం పెట్టింది.

"వల్లో తాబేలు పడితే బొట్టెట్టి వదిలేత్తామండీ. కూర్మస్వామి కదండీ. ఈ గూటికి రోజూ దీపం పెడతన్నాను. నాకూ అదే తోడండీ."

చీకటి పడుతుంటే గూటి వెనక, తోటవైపు దీపం వెలిగించింది. పుట్టిన పిల్లలు నీళ్లమీది వెలుగును బట్టే సముద్రంలోకి పోతాయి. దీపం కనబడితే ఇటే వస్తాయి.

ఆ మాటే మెల్లగా చెప్పాను. పిన్నిగారు దీపంవైపు తిరిగింది.

"నిరుడు పిల్లలన్నీ తోటలోనే చచ్చి కనబడ్డాయమ్మా, ఒళ్లంతా చీమలు. స్వామికి దీపం చాల్లేదనుకున్నాను. అందుకే ఈయేడు వత్తి లావు చేసేను."

వెలిగించిన దీపాన్ని ఊదకూడదని దాన్ని పాకలోకి తీసుకెళ్లి తలుపు వేసి వచ్చింది. ఇద్దరం చీకట్లో కూర్చున్నాం.

ఆ గూటికి ముప్పు తప్పిందని నేను రాసుకోవచ్చు. కానీ ఆవిడకున్న ఒక్క తోడునూ తీసేసి, పొద్దున్నే బస్సెక్కేశాను. బస్సులో ఏడుపొచ్చింది. ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య మీరు అక్కడికి వెళితే, చీకటి పడ్డాక ఒడ్డున ఫోను లైటు వేయకండి. సరుగుడు తోట పక్కన ఒకావిడ దీపం లేకుండా కూర్చుని కనబడితే, కాసేపు పక్కన కూర్చోండి.